సైలెన్సరు పక్కన ఇనుప ముద్ద

మాది నందవరం. ఈ మాట అనగానే హాస్టల్లో సగం మంది "చౌడేశ్వరి గుడి ఉన్న నందవరమేనా?" అని అడుగుతారు. కాదు. అది బనగానపల్లె దగ్గర, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. మాది ఎమ్మిగనూరు దగ్గరి నందవరం. కర్నూలు జిల్లాకు పడమటి కొస. పేరు ఒకటే, ఊళ్ళు రెండు. ఫస్టియర్‌లో నా రూమ్మేటు మా ఇంటికి వస్తానని బయల్దేరి, బస్సు బోర్డు మీద పేరు చూసుకుని ఎక్కి, బనగానపల్లె అవతల దిగి "ఎక్కడున్నావురా?" అని ఫోన్ చేశాడు. వాడిని ఇప్పటికీ ఏడిపిస్తుంటాను. కానీ పోయిన శ్రావణంలో నేను చేసిన పని దానికంటే పెద్ద తప్పు. అది రాద్దామనే ఇది మొదలుపెట్టాను. మన మెకానికల్ డిపార్ట్‌మెంటుతో నాకో పేచీ కూడా ఉంది, అది చివర్లో.

నాలుగు రోజులు సెలవొస్తే ఊరికి పోయాను. మంత్రాలయంలో రాఘవేంద్ర స్వామి ఆరాధన రోజులు. బెంగళూరు కార్లు ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. మా మేనమామ గ్యారేజీ ఎమ్మిగనూరులో ఆ రోడ్డు పక్కనే. గ్యారేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, నేలలో ఒక గుంత, వెల్డింగ్ సెట్టు, గోడకు వరసగా పానాలు. వచ్చేవి ట్రాక్టర్లు, ఆటోలు, బొలెరోలు, ఎప్పుడన్నా ఒక పాత అంబాసిడర్. అలాంటి షెడ్డు ముందు ఆ రోజు మధ్యాహ్నం ఒక ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వచ్చి ఆగింది. కంపెనీ పేరు చెప్పను. తప్పు కారుది కాదు, నాది.

స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగేటప్పుడు కింద గట్టిగా తగిలిందంట. అప్పట్నుంచీ టకటకమని ఒకటే చప్పుడు. ఓనరు ముప్పై దాటిన మనిషి, బెంగళూరులో సాఫ్ట్‌వేరు, అనంతపురం వైపు తెలుగు. పక్క సీట్లో వాళ్ళమ్మ. ఆవిడ దిగీ దిగగానే "రాత్రి పూజకన్నా అందుకోవాలప్పా, తొందరగా చూడు" అంది మామతో.

కారు ఎంత కిందికి ఉందంటే గుంత మీదికి ఎక్కించడానికి రెండు చెక్కలు వేయాల్సొచ్చింది. టార్చి పట్టుకుని మామ దిగాడు, వెనకే నేను దిగాను. సైలెన్సరును పట్టి ఉంచే రబ్బరు హ్యాంగరు ఒకటి చినిగిపోయింది. అది చిన్న పని. అసలు చప్పుడు మాత్రం దాన్నుంచి కాదు. మధ్యలో, పొగ గొట్టానికి ఒక ఇనుప పట్టీ వెల్డు చేసి ఉంది. ఆ పట్టీకి రెండు బోల్టులతో బిగించిన ఒక నల్లటి ముద్ద. ఇటుకలో సగముంటుంది. ఒక బోల్టు తెగిపోయి ముద్ద వేలాడుతోంది, పట్టీకి కొట్టుకుంటోంది. దాంట్లోకి గొట్టం పోదు, దాంట్లోంచి గొట్టం రాదు. వైరు లేదు, పైపు లేదు. ఊరికే ఒక ముద్ద.

"ఏం అల్లుడూ, ఇదేందో చెప్పు. నువ్వు మెకానికల్ ఇంజనీరు గదా" అన్నాడు మామ.

అప్పటికి నేను మూడో సంవత్సరం. ఆ ప్రశ్నకు "తెలీదు మామా" అనే జవాబు నా నోట్లో పుట్టనే లేదు. పైన ఓనరు, వాళ్ళమ్మ, టీ కొట్టు దగ్గర నిలబడ్డ నలుగురు వింటున్నారు. ఫోను తీసి ఫొటో కొట్టాను, యాప్‌లో వెతికాను. రెండు సెకన్లలో జవాబొచ్చింది: ఎగ్జాస్ట్ రెజొనేటర్. బొమ్మలు కూడా చూపించింది. "రెజొనేటర్ మామా. సౌండు తగ్గిస్తుంది" అన్నాను గట్టిగా, పైవాళ్ళకు వినపడేలా.

మామ ఏమీ అనలేదు. చేతిలోని పానాతో ముద్దను తట్టాడు. తర్వాత పక్కనున్న సైలెన్సరు డబ్బాను తట్టాడు. డబ్బా బోలుగా మోగింది. ముద్ద టంగుమని, సుత్తి మీద సుత్తి కొట్టినట్టు పలికింది. "సౌండు తగ్గించాలంటే లోపల ఖాళీ ఉండాల గదా అల్లుడూ. ఇది నిండుగా ఉంది" అన్నాడు.

నిజమే. రెజొనేటర్ అంటే పొగ గొట్టానికి అతికిన ఒక గది. గ్యాసు అలలు ఆ గదిలోకి పోయి వెనక్కి వచ్చి గొట్టంలోని అలలకు ఎదురు నిలబడతాయి. కొలత కుదిరితే ఆ ఒక్క స్థాయి చప్పుడు చచ్చిపోతుంది. గది లేకపోతే రెజొనేటర్ లేదు. ఇది నాకు తెలుసు, పరీక్షలో రాశాను. కానీ ఆ క్షణంలో నా తెలివి ఫోను దగ్గరుంది, చెవి దగ్గర లేదు.

అక్కడైనా ఆగాల్సింది. ఆగలేదు. "అయితే బ్యాలెన్స్ వెయిట్ అయ్యుంటుంది. తీసేసినా ఏం కాదు" అన్నాను. మామ నా మొహం చూశాడు, ఓనరు మొహం చూశాడు. ఓనరు "ఇంజనీరింగ్ స్టూడెంట్ కదా, తనకి తెలుస్తుందిలే. తీసేయండి, లేటవుతోంది" అన్నాడు. రెండో బోల్టు విప్పేశాం. ముద్ద మా చేతికొచ్చింది. పక్క కిరాణా కొట్టు తక్కెడలో పెడితే రెండు కిలోల మీద కొంచెం తూగింది. మామ దాన్ని పాత గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టాడు. "మనది కాని వస్తువు మన దగ్గర ఉండగూడదు" అన్నాడు. ఆ ఒక్క మాటే ఆ తర్వాత నన్ను కాపాడింది.

రాత్రి నందవరంలో మిద్దె మీద పడుకున్నాను. నిద్ర రాలేదు. ఒక్క ఆలోచన తేలులాగా కుడుతూ ఉంది. అది స్పోర్ట్స్ కారు. బరువు తగ్గించడానికి బానెట్టు అల్యూమినియంతో చేస్తారు, వీల్స్ అల్లాయ్‌వి వేస్తారు, స్టెప్నీ టైరు కూడా తీసేసి పంక్చరు కిట్టు ఇస్తారు. అట్లాంటి కారుకు కంపెనీవాడే రెండు కిలోల ఇనుము కావాలని కడతాడా? ట్రాక్టరుకు కట్టాడంటే అర్థముంది, ముందు బరువు కావాలి. స్పోర్ట్స్ కారుకు కట్టాడంటే, అక్కడ ఆ బరువుకు తన బరువును మించిన పనేదో ఉండాలి. ఇది కనిపెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. గుంతలో నిలబడ్డప్పుడే తట్టాల్సిన మాట. నేను వస్తువును ఒంటరిగా చూశాను. అది ఏ బండికి ఉందో చూడలేదు.

ఇంకోటి గుర్తొచ్చింది. ముద్దకూ పట్టీకీ మధ్య నల్లటి రబ్బరు పొర ఉంది. నేను చూశాను, మసి అనుకున్నాను. వట్టి బరువే కావాలంటే రబ్బరు ఎందుకు? నేరుగా వెల్డు చేస్తే అయిపోతుంది. రబ్బరు పెట్టాడంటే ఆ ముద్ద కదలాలి. ఎంత కదలాలో, ఎంత వేగంగా కదలాలో లెక్క వేసి పెట్టాడు.

అప్పుడు లేచి కూర్చున్నాను. బరువు, స్ప్రింగు, కంపించే వ్యవస్థకు తగిలించిన చిన్న వ్యవస్థ. డైనమిక్ వైబ్రేషన్ అబ్సార్బర్. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్రామ్ 1909లో పేటెంటుకు పెట్టిన ఆలోచన. డెన్ హార్టాగ్ 1934లో వేసిన మెకానికల్ వైబ్రేషన్స్ పుస్తకంలో దాని లెక్కంతా ఉంది. మన సెమిస్టరు పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా వచ్చింది. రాశాను, బొమ్మ గీశాను, ఎమ్ వన్, ఎమ్ టూ, కే వన్, కే టూ అని గుర్తులు పెట్టాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ ఎమ్ టూ నా రెండు చేతుల్లో ఉంటే, కిరాణా కొట్లో తూకం వేసి కూడా, గుర్తు పట్టలేకపోయాను.

కథలో ఈ భాగం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మిద్దె మీద నుంచి చూస్తే పత్తి చేల మీదుగా పోయే హైటెన్షన్ లైను కనిపిస్తుంది. టవరుకు కొంచెం దూరంలో, తీగకు రెండు తలల డంబెల్ లాంటివి వేలాడుతుంటాయి. చిన్నప్పుడు పిట్టలు కూర్చోకుండా పెట్టారని అనుకునేవాణ్ణి. మా నాన్నయితే తీగ బిగువుకని చెప్పేవాడు. అవి స్టాక్‌బ్రిడ్జ్ డ్యాంపర్లు. 1920లలో అమెరికాలో కరెంటు కంపెనీలో పనిచేసిన స్టాక్‌బ్రిడ్జ్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. సన్నగాలి ఒకే తీరున వీస్తుంటే తీగ వణకడం మొదలుపెడుతుంది. ఆ వణుకు ఏళ్ళ తరబడి సాగితే పట్టు దగ్గర తీగ పోగులు తెగుతాయి. డంబెల్ ఆ వణుకును తన మీద వేసుకుని, తన చిన్న తీగముక్కలో రాపిడిగా అరగదీస్తుంది. తైవాన్‌లో తైపే 101 అనే ఆకాశహర్మ్యం పై అంతస్తుల్లో 660 టన్నుల ఉక్కు గోళం వేలాడుతుంటుంది, గాలికి భవనం ఊగడం తగ్గించడానికి. మా పొలం మీది డంబెల్, తైపే గోళం, డిక్కీలో గుడ్డలో చుట్టిన ముద్ద, మూడూ చుట్టాలే. ఇరవై ఏళ్ళు మొదటిదాని కింద తిరిగాను, మూడోదాన్ని "తీసేసినా ఏం కాదు" అన్నాను.

మరుసటి రోజు సాయంత్రం ఆ కారు తిరిగొచ్చింది. వస్తుందని తెలుసు, అందుకే పొద్దున్నుంచీ గ్యారేజీలోనే కూర్చున్నాను. ఓనరు కోపంగా లేడు, అదింకా కష్టంగా ఉంది. "చప్పుడు పోయింది బ్రదర్, కానీ కొత్తది వచ్చింది. ఒక స్పీడు దగ్గర కారంతా గుయ్యిమంటోంది. అమ్మకి తల నొప్పి పుట్టింది. ఆ స్పీడు దాటితే మళ్ళీ ఏం లేదు" అన్నాడు. వాళ్ళమ్మ "చెవిలో తుమ్మెద దూరినట్టుందప్పా" అంది.

"ఎంత ఆర్‌పీఎం దగ్గర సార్?" అనడిగాను. ఆ రెండు రోజుల్లో నేను అడిగిన మొదటి పనికొచ్చే ప్రశ్న అదే. ఇరవై నాలుగు వందలకు అటూ ఇటూ అన్నాడు. నాలుగు సిలిండర్ల ఇంజను. రెండు చుట్లకు ఒకసారి ఒక్కో సిలిండరు మండుతుంది, అంటే చుట్టుకు రెండు మంటలు. నిమిషానికి 2,400 చుట్లంటే సెకనుకు 40 చుట్లు, 80 మంటలు. సెకనుకు 80 దెబ్బలు పొగ గొట్టం మీద పడుతున్నాయి. గొట్టం ఒక చివర ఇంజనుకు బిగించి, మిగతా పొడవంతా రబ్బర్ల మీద వేలాడుతోంది. దానికీ సొంతంగా ఊగే వేగం ఒకటుంటుంది. ఆ దెబ్బలూ ఈ ఊపూ కలిసిన చోట గొట్టం తాడులా ఆడుతుంది. ఆ ఆట హ్యాంగర్ల గుండా కారు ఫ్లోరుకు ఎక్కుతుంది. ఫ్లోరు డప్పు అవుతుంది. ముద్ద పని ఆ ఒక్క చోట గొట్టానికి ఎదురాడి దాన్ని ఆపడం. మిగతా వేగాల్లో దానికి పని లేదు. అందుకే చూసేవాడికి అది ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే కనపడుతుంది.

ఓనరుకు జరిగింది చెప్పాను. "నిన్న నాకు తెలీకుండానే చెప్పాను సార్" అన్నాను. ఆ వాక్యం బయటికి రావడానికి గుంతలోకి దిగడం కంటే ఎక్కువ సేపు పట్టింది. మామ అప్పటికే డిక్కీ తెరిచి ముద్ద తీస్తున్నాడు. కొత్త బోల్టులు రెండు, గట్టివి, వెతికి వేశాడు. నైలాను లోపలున్న నట్టు ఇవ్వబోతే "పొగ గొట్టం దగ్గర నైలాను నిలుస్తుందా అల్లుడూ?" అని మామూలు నట్టు మీద ఇంకో నట్టు బిగించాడు. ఆదోని రోడ్డు మీద ఓనరుతో పాటు నేనూ పోయి చూశాను. ఇరవై రెండు వందలు, ఇరవై నాలుగు, ఇరవై ఆరు. గుయ్యిమనడం లేదు. మామ బోల్టుల డబ్బులే తీసుకున్నాడు. "మావోడు నేర్చుకున్నదానికి మీ దగ్గర ఫీజు తీసుకోను సార్" అని నవ్వాడు. ఓనరు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం. గుర్తుపట్టడం అంటే పేరు చెప్పడం అని మనకు అలవాటైపోయింది. ఫోను యాప్ చేసేది అదే, వైవాలో మనం చేసేదీ అదే. "వాట్ ఈజ్ దిస్?" అంటే ఒక నామవాచకం పడేస్తే చాలు. యాప్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు, రోజూ వాడతాను. కానీ అది ఆకారాన్ని చూస్తుంది. పొగ గొట్టానికి అతికిన నల్లటి దిమ్మె అనగానే దాని దగ్గరున్న బొమ్మల్లో ఎక్కువ దేన్ని పోలి ఉందో అదే చెబుతుంది. తట్టి చూడలేదు. తూకం వేయలేదు. పానా మోగిన తీరు దానికి తెలీదు. అవన్నీ నా దగ్గరున్నాయి, నేనే వాడలేదు.

మన ల్యాబులో ఉన్న కటౌట్ మోడళ్ళను గుర్తు తెచ్చుకోండి. నాలుగు రంగులు పూసి, ప్రతిదానికీ చీటీ అంటించి, గాజు పెట్టెలో పెట్టి ఉంటాయి. అన్నీ తెలిసిన వస్తువులే. మూడేళ్ళలో మన చేతికి ఒక్కసారి కూడా చీటీ లేని వస్తువు రాలేదు. రోడ్డు మీద, ఫ్యాక్టరీలో, రేపు ఉద్యోగంలో మనకెదురయ్యేది చీటీ లేని వస్తువే. 2020 ఏప్రిల్ ఒకటి నుంచి బీఎస్-6 వచ్చాక కార్ల కింద సామాను ఇంకా పెరిగింది. పాఠ్యపుస్తకంలో పొగ గొట్టం అంటే ఒక మ్యానిఫోల్డు, ఒక సైలెన్సరు. ఈ రోజు ఒక మంచి స్పోర్ట్స్ కారు కింద పడుకుని చూస్తే తల తిరుగుతుంది.

తిరిగినా, దారి మాత్రం దొరుకుతుంది. ఇంజను దగ్గర మొదలుపెట్టి పొగ పోయే దారి పట్టుకుని వెనక్కి రండి. ఇంజనుకు ఆనుకుని ఒక లావు డబ్బా, దానికి ముందొకటి వెనకొకటి సెన్సర్లు ఉంటే అది క్యాటలిటిక్ కన్వర్టరు. సెన్సరుకు నాలుగు వైర్లుంటే లోపల హీటరున్న ఆక్సిజన్ సెన్సరు అయ్యే అవకాశం ఎక్కువ. హీటరుకు రెండు, సంకేతానికి రెండు. జాలీ అల్లిక చుట్టిన, వంగే ముక్క ఉంటే అది ఇంజను ఊపు వెనక్కి పోకుండా పెట్టిన బెల్లో. ఒక డబ్బాకు అటొకటి ఇటొకటి సన్నటి గొట్టాలు పోయి ఒకే సెన్సరులో కలిస్తే అక్కడ లోపలికీ బయటికీ ఉన్న ప్రెషరు తేడా కొలుస్తున్నారని అర్థం, అంటే లోపల మసి ఫిల్టరు ఉండొచ్చు. వెనక సైలెన్సరు దగ్గర చిన్న ఉగ్గుగిన్నెంత డబ్బా, దానికో రబ్బరు పైపు, ఒక కడ్డీ, కడ్డీ కొసన తిరిగే ఇరుసు కనబడితే లోపల తలుపు ఉన్నట్టు. నెమ్మదిగా పోయేటప్పుడు తలుపు మూసి ఊరివాళ్ళను నిద్రపోనిస్తారు, తొక్కినప్పుడు తెరిచి డ్రైవరుకు కావాల్సిన గర్జన ఇస్తారు. ఈ పేర్లేవీ తెలియకపోయినా, వైరు ఎటు పోతోంది, పైపు ఎటు పోతోంది, ఏది కదులుతోంది అని చూస్తే సగం జవాబు వచ్చేస్తుంది. ఏదీ పోకపోతే, ఏదీ రాకపోతే, అదీ ఒక జవాబే. మా ముద్దలాగా.

అలాగని గ్యారేజీ తెలివికి దండం పెట్టి పుస్తకాలు మూసేయమని అనడం లేదు. అది ఈ మధ్య ఫ్యాషన్ అయింది, "మెకానిక్‌కి తెలిసింది బీటెక్‌కి తెలీదు" అంటూ రీల్స్ చేస్తున్నారు. మా మామ మంచి మేస్త్రీ. ఆయనే ఒకప్పుడు కన్వర్టరు లోపలి జాలిని "గాలికి అడ్డం" అని పొడిచి ఖాళీ చేసిన మనిషి. దానికీ ఒక చరిత్ర ఉంది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై నగరాల్లో మాత్రమే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి చేసి, సీసం లేని పెట్రోలు ఇచ్చారు. దేశమంతా సీసం పోయింది 2000 ఫిబ్రవరిలో. సీసం ఉన్న పెట్రోలు పడితే జాలి మీది ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత పనిచేయడం మానేస్తుంది. ఆ రోజుల్లో పని నేర్చుకున్న మేస్త్రీకి కన్వర్టరు అంటే పని చేయని అడ్డు అనిపించడంలో వింత లేదు. పైగా అది పనిచేస్తున్నా పనిచేసినట్టు కనబడదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. జాలి పొడిచేస్తే బండి ఏమీ అనదు. వెనక నిలబడి టీ తాగేవాడు కూడా ఏమీ అనడు, అతనికి తెలీదు కాబట్టి.

నేను ముద్దను "ఏం కాదు" అన్నదీ, మామ జాలిని "అడ్డం" అన్నదీ ఒకే రకం తప్పు. ఆయనకు పాఠం లేదు, నాకు చేయి లేదు. ముద్ద విషయంలో మాకు అదృష్టం ఉంది. అది తీసేస్తే కారు గుయ్యిమని అరిచి చెప్పింది, ఒక అమ్మకు ఒక రోజు తలనొప్పితో పోయింది. జాలి తీసేస్తే అరిచేది ఎవరూ లేరు. మహా అయితే రెండో సెన్సరు పసిగట్టి డాష్‌బోర్డు మీద పసుపు లైటు వేస్తుంది, దాన్ని ఆర్పించుకోవడానికి కూడా మనవాళ్ళ దగ్గర చిట్కాలున్నాయి. సైలెన్సర్లు మార్చుకుని కాలేజీ గేటు ముందు పేలుస్తూ తిరిగే మన మిత్రులకు ఒక మాట. మోటారు వాహనాల చట్టంలో 190(2) సెక్షన్ ఉంది, పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు. అది భయపెట్టడానికి చెప్పడం లేదు. మీరు కోసి పారేసిన డబ్బాలో ఏముందో కోయక ముందు ఒక్కసారి చూశారా అని అడుగుతున్నా, అంతే.

ఈ ప్రశ్న మామనూ అడిగాను. సైలెన్సర్ల కథ అంతా అయ్యాక, చేతులు కడుక్కుంటూ, "నిన్న నీకు అనుమానం వచ్చింది కదా మామా, ఎందుకు ఆపలేదు?" అన్నాను. ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మామ పక్కింట్లో ఇప్పటికీ మగ్గం ఉంది. ఆయన అటు చూపించి, "ఆ మగ్గం వెనక తాడుకు బరువు వేలాడతాంటాది. కొత్తోడు చూస్తే ఉత్తదే అనుకుంటాడు. తీస్తే పడుగు సడలిపోతాది. నేను దాన్ని దినామూ చూస్తాండా. ముద్దను చూడంగానే అదే గుర్తొచ్చింది. కానీ నువ్వు సదువుకున్నోడివి, అంత గట్టిగా చెప్తాంటివి" అన్నాడు. నా చదువు నాకు తెలివి ఇవ్వలేదు సరే. ఆయనకున్న తెలివిని నోరు మూయించింది. నేను రెండు రోజులుగా సిగ్గుపడుతున్నది తప్పు చెప్పినందుకు అనుకున్నాను. అసలు సిగ్గుపడాల్సింది దీనికి.

"తెలియదు" అన్నదానికి మన దగ్గర మార్కు లేదు. వైవాలో ఆ మాట అంటే సున్నా. తప్పు చెబితే కూడా సున్నానే, కానీ ధైర్యంగా చెబితే అప్పుడప్పుడు సగం మార్కు పడుతుంది. మూడేళ్ళు ఈ లెక్కలో బతికినవాడు గుంతలో నిలబడి ఏం చేస్తాడు? నేను చేసిందే చేస్తాడు. కారు కాబట్టి సరిపోయింది. రేపు ఆదోని జిన్నింగు మిల్లులోనో, ఏదన్నా పవర్ ప్లాంటులోనో మనం "తీసేసినా ఏం కాదు" అంటే, అక్కడ కింద పనిచేసే మనిషి మన ఐడీ కార్డు చూసి నోరు మూసుకుంటాడు.

అందుకే డిపార్ట్‌మెంటుతో నా పేచీ. పెద్ద కోరికేం కాదు. మన మెకానికల్ బ్లాకు కింది వరండాలో ఒక టేబులు పెట్టించండి. దాని మీద ప్రతి సోమవారం ఒక వస్తువు, చీటీ లేకుండా. ముట్టుకోవచ్చు, తట్టొచ్చు, తూకం వేయొచ్చు, మాగ్నెట్ పెట్టి చూడొచ్చు. మొదటి పది నిమిషాలు ఫోను జేబులోనే ఉండాలి. ఇది దేనికి బిగించి ఉండేది, దీంట్లోకి ఏం పోతుంది, ఏం వస్తుంది, దేంతో చేశారు, ఎందుకు దాంతోనే చేశారు, ఇది లేకపోతే ఏమవుతుంది. ఇవన్నీ రాశాక ఆఖర్న పేరు రాయాలి, తెలిస్తే. తెలియకపోతే ఎలా తెలుసుకుంటావో రాసినవాడికి మార్కు పడాలి. శుక్రవారం దాన్ని నిజంగా వాడే మనిషిని పిలవండి, లెక్చరరు అయినా సరే, బస్టాండు పక్క మేస్త్రీ అయినా సరే. మేస్త్రీని పిలిస్తే ఆయన ముందు మాట్లాడాలి, మనం తర్వాత.

ఒక సీనియరుకు చెబితే "వస్తువులు ఎక్కడ తెస్తావురా, బడ్జెట్ లేదంటారు" అన్నాడు. ఆ సాకు నేను ఉంచలేదు. పోయిన వారం ఊరి నుంచి వస్తూ మామ గ్యారేజీలోంచి ఒక గోనె సంచి తెచ్చుకున్నాను. బస్సులో కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడు. సంచిలో పదకొండు వస్తువులున్నాయి. వాటిలో నాలుగింటికి నాకు పేరు తెలీదు. ఒకదానికి మామకు కూడా తెలీదు. సంచి హాస్టల్లో నా మంచం కింద ఉంది, వార్డెన్ ఇంకా చూడలేదు. టేబులు ఒక్కటి ఇప్పించండి.